విండోస్ అప్‌డేట్ ఫెయిల్ అవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు చదవండి: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్లలో కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా చాలా షాపుల్లో రాసే మందు ఒక్కటే, ఫార్మాట్. కొన్నేళ్ల కిందట మా పక్కింటి పెద్దాయన ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే షాపుకి తీసుకెళ్లారు. సాయంత్రానికల్లా ఫార్మాట్ చేసి ఇచ్చేశారు. మనవరాలి బారసాల ఫొటోలూ, కాలం చేసిన ఆయన భార్య మాట్లాడుతున్న రెండు వీడియోలూ డెస్క్‌టాప్ మీదే ఉండేవి. అవి మళ్లీ దొరకలేదు. షాపుకి వెళ్లే ముందు ఆయన ఫోన్‌తో స్క్రీన్‌ని ఒక ఫొటో తీశారు. తర్వాత అది నాకు చూపిస్తే అందులో ఎర్రర్ కోడ్ స్పష్టంగా ఉంది. సీ డ్రైవ్‌లో చోటు చాలలేదని దాని అర్థం. పనికిరాని ఫైళ్లు నాలుగు తీసేస్తే సరిపోయేది.

అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో విండోస్ 10, విండోస్ 11 వాడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

అప్‌డేట్ ఫెయిల్ అయిందని వచ్చింది. ముందుగా ఏం చేయాలి?

స్క్రీన్ మీద ఉన్నది ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అది మాయమైపోతే కంగారు లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, దానిలో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే ఏ అప్‌డేట్ ఏ రోజు ఫెయిల్ అయిందో, కోడ్ ఏమిటో ఉంటుంది. అప్‌డేట్ పేరు పక్కన కేబీ అనే అక్షరాలూ ఏడు అంకెలూ కనిపిస్తాయి, అవి కూడా రాసుకోండి.

రెండోది, కంప్యూటర్ తెరుచుకుంటున్నంతసేపట్లోనే ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకో, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకో కాపీ చేసేయండి. కింద చెప్పే ఏ పనైనా ఇది అయ్యాకే.

మూడోది రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, మెనూలో రీస్టార్ట్ అని ఉన్నదే నొక్కాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న మెషీన్లలో షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా మూసుకోదు, దాన్ని డిస్క్‌లో దాచి మళ్లీ తెస్తుంది. రీస్టార్ట్ చేస్తే అంతా మొదటి నుంచి లేస్తుంది. రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే చాలా అప్‌డేట్లు అక్కడికే ఎక్కేస్తాయి.

ఆ కోడ్ చూసి మాలాంటివాళ్లకి ఏం తెలుస్తుంది?

చాలా తెలుస్తుంది. కోడ్ మొదట్లో ఉండే సున్నా, ఎక్స్ అన్నిటికీ ఉమ్మడి, వాటిని వదిలేయండి. తర్వాత ఉన్నదే ముఖ్యం.

80070070 వస్తే డిస్క్‌లో చోటు లేదు. 80072ఈఈ2 వస్తే మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి సకాలంలో జవాబు రాలేదు, అంటే ఇంటర్నెట్ సంగతి చూసుకోవాలి. 80070020 అయితే అప్‌డేట్‌కి కావలసిన ఫైల్‌ని వేరే ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుంది. బయట కొన్న యాంటీవైరస్ ఉంటే ముందు దాన్నే అనుమానించండి. దాన్ని కాసేపు ఆపి అప్‌డేట్ ఎక్కించి, మళ్లీ ఆన్ చేయండి. 80073712 గానీ, 800ఎఫ్081ఎఫ్ గానీ వస్తే విండోస్ తన సొంత భాగాలు దాచుకునే గోదాములో ఏదో ఫైల్ పాడైంది లేదా పోయింది. దానికి కింద చెప్పే రెండు కమాండ్లు మందు. 800ఎఫ్0922 వస్తే రెండు కారణాల్లో ఒకటి: బూట్ కోసం, అంటే కంప్యూటర్ లేవడానికి, పక్కన పెట్టిన చిన్న పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) నిండిపోయి ఉండాలి, లేదా ఆఫీసు పనికి పెట్టుకున్న వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే దారిలో తిప్పి పంపే కనెక్షన్) దారికి అడ్డుపడుతూ ఉండాలి. ముందు వీపీఎన్ తీసేసి చూడండి, అది తేలిక.

సీ1900101తో మొదలయ్యే కోడ్ వెర్షన్ మార్చే పెద్ద అప్‌డేట్‌లో వస్తుంది. ఇది దాదాపు ఎప్పుడూ డ్రైవర్ (ప్రింటర్, వైఫై లాంటివాటిని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రామ్) తగాదాయే. ప్రింటర్, స్కానర్, పెన్‌డ్రైవ్, వైఫై డాంగిల్ లాంటివన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచండి. ఇంటర్నెట్ డాంగిల్ మీదే నడుస్తుంటే డౌన్‌లోడ్ అయ్యాక పీకండి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డిస్‌ప్లే, వైఫై డ్రైవర్లు కొత్తవి వేసి మళ్లీ ప్రయత్నించండి. సీ1900200 అంటే మీ మెషీన్‌కి ఆ కొత్త వెర్షన్ అర్హతలు లేవు. అక్కడ మరమ్మతుతో పని లేదు.

సీ డ్రైవ్ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. ఎంత ఖాళీ ఉండాలి, ఎలా చేయాలి?

మన దగ్గర అప్‌డేట్లు ఆగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. అసెంబుల్ చేసేటప్పుడు సీ డ్రైవ్‌కి యాభై, అరవై జీబీ ఇచ్చి మిగతాదంతా డీ, ఈ డ్రైవ్‌లకి పంచేస్తారు. కొన్నప్పుడు అది చాలినట్టే ఉంటుంది, రెండేళ్లలో నిండిపోతుంది. వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్‌కి 20 జీబీ ఖాళీ చూసుకోండి. నెలవారీ వాటికి పది ఉంటే నాకు ఇబ్బంది రాలేదు.

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. ఇక్కడొక జాగ్రత్త: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది. దానికి టిక్ పెట్టి తీసేస్తే మీరు దించుకున్న ఆధార్ కాపీలు, హాల్‌టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ పోతాయి. ఆ ఒక్కటి వదిలి మిగతావి తీసేయొచ్చు. ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అని ఉంటే అది పాత వెర్షన్ తాలూకు కాపీ. కొత్త వెర్షన్ బాగానే నడుస్తోందని నమ్మకం కుదిరాక తీసేయండి. ఒక్కదాంతోనే చాలా జీబీలు తిరిగొస్తాయి.

ఇంకా చాలకపోతే డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్లని డీ డ్రైవ్‌కి మార్చండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. ఇది భద్రమైన పని. డీ నుంచి చోటు కోసి సీ కి కలపడం మాత్రం ఇంట్లో చేయొద్దని నా సలహా. సీ కి ఆనుకుని కుడివైపున ఖాళీ ఉంటే తప్ప విండోస్ కలపదు, మధ్యలో రికవరీ పార్టిషన్ (విండోస్ చెడితే బాగుచేసుకోవడానికి పక్కన పెట్టుకున్న భాగం) అడ్డొస్తుంది. దాన్ని దాటించడానికి ఉచిత టూల్స్‌తో కుస్తీ పడితే డేటాకే ముప్పు.

ముప్పై శాతం దగ్గర గంట నుంచి కదలడం లేదు. పవర్ ఆపేయనా?

ఆపొద్దు. ఆ శాతం కాలాన్ని కొలిచేది కాదు. ముప్పైకి గంట పట్టి, మిగతా డెబ్భై పది నిమిషాల్లో అయిపోవచ్చు. ఎస్‌ఎస్‌డీ లేని పాత హార్డ్‌డిస్క్ మెషీన్లలో పెద్ద అప్‌డేట్‌కి మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే. క్యాబినెట్ మీద హార్డ్‌డిస్క్ లైట్ మినుకుమినుకుమంటూ ఉందంటే పని జరుగుతోంది. రాత్రి మొదలుపెట్టి, పొద్దున లేచేసరికీ అదే అంకె దగ్గర ఉండి, లైటూ కదలకపోతే అప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపండి.

మధ్యలో కరెంట్ పోయింది. అంతా పోయినట్టేనా?

చాలాసార్లు ఏమీ కాదు. కరెంట్ వచ్చాక విండోస్ ఎక్కించినదాన్ని వెనక్కి తీసుకుంటుంది, లేదా ఆగిన చోటు నుంచి కానిస్తుంది. మార్పులు వెనక్కి తీస్తున్నానని స్క్రీన్ మీద వస్తే దాన్ని తన పని చేసుకోనివ్వండి. అసలు ప్రమాదం ఆ సమయంలో రెండోసారి ఆపేయడంలోనే ఉంది.

డెస్క్‌టాప్‌ని ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లకి ఒక మాట. చాలా ఇన్వర్టర్లకి వెనకో ముందో యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది. అది వేయకపోతే కరెంట్ పోయాక ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. ఫ్యాన్లకీ లైట్లకీ ఆ తేడా తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్‌లు కూడా డెస్క్‌టాప్ కిందే లెక్క. అలాంటివాటికి కోతలుండే వేళల్లో అప్‌డేట్ మొదలుపెట్టకండి.

మొబైల్ హాట్‌స్పాట్ మీద అప్‌డేట్ అవుతుందా?

అవుతుంది. కానీ ఆ కనెక్షన్‌ని మీటర్డ్‌గా, అంటే డేటా లెక్క చూసుకుని వాడాల్సినదిగా గుర్తిస్తే విండోస్ డౌన్‌లోడ్‌ని తనంతట తాను మొదలుపెట్టదు. డేటా అయిపోతుందని చాలామంది తామే ఆ మీట ఆన్ చేసి మర్చిపోతారు. వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ అనే చోట చూడండి.

నెలనెలా వచ్చే అప్‌డేట్లు కలుపుకుంటూ వచ్చేవి. నాలుగు నెలలుగా వేయలేదంటే నాలుగూ దించనక్కర్లేదు, తాజాది ఒక్కటి చాలు.

పాత డెస్క్‌టాప్. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తుంది. అప్‌డేట్లు కూడా రావు. సంబంధం ఉందా?

ఉంది. మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో మాట్లాడేటప్పుడు భద్రతా సర్టిఫికెట్ల గడువుని మీ గడియారంతో సరిచూస్తారు. గడియారం ఏళ్ల వెనక ఉంటే సర్టిఫికెట్ చెల్లదు, కనెక్షన్ కుదరదు. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. పవర్ ప్లగ్ పీకి, పాతది తీసి, అదే దిక్కున కొత్తది పెట్టి, తేదీ సరిచేయండి.

నెట్ బాగుంది, చోటు ఉంది, తేదీ సరిగ్గానే ఉంది. అయినా అదే అప్‌డేట్ పదేపదే ఫెయిల్ అవుతోంది.

ముందు విండోస్‌లోనే ఉన్న ట్రబుల్‌షూటర్ నడపండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, ట్రబుల్‌షూట్, అదర్ ట్రబుల్‌షూటర్స్, అక్కడ విండోస్ అప్‌డేట్ పక్కన రన్. అది తేల్చకపోతే డౌన్‌లోడ్ అయిన ఫైల్ సగంలో చెడి, విండోస్ దాన్నే మళ్లీ మళ్లీ వాడుతోందేమో అనుమానించాలి.

స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరవండి. విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్, ఈ రెంటినీ రైట్ క్లిక్ చేసి స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని డిలీట్ చేయకుండా పేరు చివర పాత అనే అర్థం వచ్చేలా ఏదో తగిలించండి. రీస్టార్ట్ చేస్తే విండోస్ కొత్త ఫోల్డర్ కట్టుకుని మొదటి నుంచి డౌన్‌లోడ్ చేస్తుంది. మీ సొంత ఫైళ్లు అందులో ఏవీ ఉండవు, భయపడక్కర్లేదు. అప్‌డేట్ హిస్టరీ ఖాళీగా కనిపిస్తుంది, అంతే. అందుకే కోడ్ ముందే రాసుకోమన్నాను.

ఇక ఆ రెండు కమాండ్లు. ఫోన్‌లో పక్కవాళ్లకి చెప్పినట్టు చెబుతాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. మొదట డీ, ఐ, ఎస్, ఎం అనే నాలుగు అక్షరాలు. ఒక ఖాళీ, స్లాష్, ఆన్‌లైన్. ఒక ఖాళీ, స్లాష్, క్లీనప్, హైఫన్, ఇమేజ్. ఒక ఖాళీ, స్లాష్, రిస్టోర్‌హెల్త్, రెండు మాటలూ కలిపి. ఎంటర్. దీనికి ఇంటర్నెట్ కావాలి, ఎందుకంటే చెడిన భాగాలకు బదులు మంచివి మైక్రోసాఫ్ట్ నుంచి తెస్తుంది. మధ్యలో చాలాసేపు ఒకే అంకె దగ్గర నిలబడుతుంది, ఓపిక పట్టండి. అది పూర్తయ్యాక రెండోది: ఎస్, ఎఫ్, సీ, ఒక ఖాళీ, స్లాష్, స్కాన్‌నౌ, కలిపి. వరుస మార్చకండి. మొదటిది గోదాముని బాగుచేస్తుంది, రెండోది ఆ గోదాములోంచి మంచి ఫైళ్లు తెచ్చి వాడుకలో ఉన్నవాటి స్థానంలో పెడుతుంది. గోదామే చెడి ఉంటే రెండోదానివల్ల లాభం తక్కువ.

80070643 అని వస్తోంది. పార్టిషన్ పెంచాలని ఎవరో చెప్పారు.

2024 జనవరిలో విండోస్ 10కి కేబీ5034441 అనే అప్‌డేట్ వచ్చింది. అది రికవరీ పార్టిషన్‌ని సరిచేసేది. ఆ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేని మెషీన్లలో ఈ కోడ్‌తో ఫెయిల్ అయింది. చోటు చాలదని చెప్పాల్సిన కోడ్ రాకుండా, ఇన్‌స్టలేషన్ విఫలమైందని మాత్రమే చెప్పే ఈ కోడ్ రావడంతో జనం తికమకపడ్డారు. మిగతా నెలవారీ అప్‌డేట్లు ఎక్కుతున్నాయంటే దీనికోసం పార్టిషన్లు కోయించకండి. ఇదే కోడ్ డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్), డాట్‌నెట్ (కొన్ని ప్రోగ్రామ్‌లు నడవడానికి కావలసిన భాగం) అప్‌డేట్లలోనూ వస్తుంది కాబట్టి ముందు కేబీ నంబర్ చూడండి.

అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ తెరుచుకోవడమే లేదు. నల్లగా ఉంది, లేదా నీలం తెర వస్తోంది.

కంపెనీ లోగో కనిపించి చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే విండోస్ తనంతట తానే రికవరీ తెరలోకి వెళుతుంది. (పని జరుగుతున్న అప్‌డేట్ మధ్యలో కాదు, తెరుచుకోని స్థితిలోనే.) అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలవారీది, ఫీచర్ అప్‌డేట్ అంటే వెర్షన్ మార్చేది. ఆఖరున ఏది ఎక్కిందో దాన్ని తీయండి. ఫైళ్లకు ఏమీ కాదు. వెర్షన్ మారాక మెషీన్ తెరుచుకుంటూ కూడా సతాయిస్తుంటే పది రోజుల లోపు పాత వెర్షన్‌కి వెళ్లే దారి సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర ఉంటుంది.

తెరిస్తే బిట్‌లాకర్ కీ అడుగుతోంది. అదేమిటో మాకు తెలియదు.

ఈ ప్రశ్న అడిగేసరికే చాలామందికి ఆలస్యమైపోతోంది, దయచేసి ఈ రోజే చూసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ మొత్తానికి బిట్‌లాకర్ అనే తాళం వేసే ఉంటుంది, మీకు తెలియకుండానే. కొన్ని అప్‌డేట్ల తర్వాత, లేదా బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) మారినప్పుడు, విండోస్ 48 అంకెల కీ అడుగుతుంది. మొదట సెటప్ చేసినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్లి, మీ డివైజ్ దగ్గర చూస్తే కనిపిస్తుంది.

చిక్కెక్కడంటే, ఆ అకౌంట్ ఎవరిది? కొన్నిసార్లు షాపు కుర్రాడు తన మెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చేస్తాడు. కొన్ని ఇళ్లలో విదేశంలో ఉన్న కొడుకు సెలవులకి వచ్చినప్పుడు తన అకౌంట్‌తో చేసి వెళతాడు. కీ వాళ్ల దగ్గరుంటుంది, వాళ్లకీ తెలియదు. కీ ఎక్కడా లేకపోతే ఆ డిస్క్‌లోని ఫైళ్లని మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. కాబట్టి ఇప్పుడే కీ వెతికి కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో పెట్టండి.

అప్‌డేట్ వల్ల ఫైళ్లు పోతాయా?

మామూలుగా పోవు. ఒకసారి నిజంగానే పోయాయి: 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లని తుడిచిపెట్టింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ వదిలింది. అందుకే కాపీ పెట్టుకోమని మళ్లీ మళ్లీ అంటున్నాను.

ఇంత తలనొప్పి ఎందుకు, అప్‌డేట్లు మొత్తానికి ఆపేస్తే పోదా?

2017 మే నెలలో వానక్రై అనే వైరస్ ఫైళ్లకి తాళాలేసి డబ్బులడిగింది. ప్రపంచంలో లక్షల కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది.

ఆపకండి, వాయిదా వేయండి. నెలవారీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి, మన లెక్కలో ఆ రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో. పాజ్ నొక్కి ఒక వారం ఆగితే ఆ అప్‌డేట్‌లో పెద్ద లోపమేదైనా ఉంటే ఈలోపు బయటపడుతుంది. నేను మా ఇంట్లో చేసేది అదే. ఐదు వారాల వరకు పాజ్ చేయొచ్చు గానీ అంతదాకా సాగదీయకండి.

పాత పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు మాత్రం వెర్షన్ మార్చే అప్‌డేట్‌ని పని ఒత్తిడి లేని రోజుల్లో, మొత్తం కాపీ పెట్టుకున్నాకే వేయండి. శుభలేఖల సీజన్‌లో వద్దు.

మాది ఇంకా విండోస్ 10. అప్‌డేట్లు రావడం లేదు. పాడైందా?

పాడవలేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరినవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళం చెవులు భద్రంగా దాచే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన ప్రోగ్రామ్‌లతోనే కంప్యూటర్ లేచేలా చూసే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ కావాలి. కొన్ని డెస్క్‌టాప్‌లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, మెషీన్ పనికిరాదనుకునే ముందు అది చూడండి.

షాపులో వేసిన విండోస్. అప్‌డేట్ బటన్ నొక్కితే ఏమీ జరగదు.

లైసెన్స్ లేకుండా యాక్టివేటర్‌తో నడిపే కాపీల్లో అప్‌డేట్ సర్వీస్‌నే ఆపేసి ఇస్తుంటారు. సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్ డిసేబుల్డ్ అని ఉంటే మాన్యువల్‌కి మార్చి చూడండి. అయితే ఆ యాక్టివేటర్ తనతో ఇంకేం తెచ్చిందో చెప్పలేం. అలాంటి మెషీన్‌లో బ్యాంకు పనులు చేయకండి. ఈ ఒక్క సందర్భంలో మాత్రం ఫైళ్లు కాపీ చేసుకుని, అసలు లైసెన్స్‌తో కొత్తగా వేయించుకోవడమే మేలు.

మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ ఫోన్ వచ్చింది, అప్‌డేట్ ఫెయిల్ అయిందట.

పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా ఎవరికీ ఫోన్ చేయదు. బ్రౌజర్‌లో సైరన్ మోగిస్తూ నంబర్ చూపించే తెర కూడా దొంగదే. డబ్బు పోయిందనుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అన్నీ చేశాం. ఏదీ పనిచేయలేదు. ఇక ఫార్మాటేనా?

ఇంకా ఒకటుంది. ఫైళ్లూ ప్రోగ్రామ్‌లూ అలాగే ఉంచి విండోస్‌ని దాని మీదే మళ్లీ వేసుకోవడం. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీ వెర్షన్ ఐఎస్‌ఓ (విండోస్ సెటప్ మొత్తం ఉండే ఒకే ఫైల్) దించుకుని, డబుల్ క్లిక్ చేసి, లోపలి సెటప్ నడపండి. కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్ అనే వరుస ఎంచుకున్నట్టు ఉందో లేదో చూసి కానివ్వండి. దించేటప్పుడు ఇంగ్లిష్ రెండు రకాలుగా కనిపిస్తుంది. మీ మెషీన్‌లో ఉన్న రకమే తీసుకోకపోతే ఆ వరుస పనిచేయదు. అది పనిచేయకపోతే ముందుకు వెళ్లకుండా ఆపేయండి.

షాపుకే వెళ్లాల్సి వస్తే ఫెయిల్ అయిన కోడ్ ఫొటో తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గరే ‘ఫార్మాట్ చేయొద్దు, డేటా కావాలి. చేయక తప్పదనుకుంటే ముందు నాకు ఫోన్ చేయండి’ అని చెప్పి, రసీదు మీద అదే మాట రాయించుకోండి.